తిరిగొచ్చిన చిలప

మొన్న ఉదయం కళ్లద్దాల పెట్టె కోసం బల్ల సొరుగులో చెయ్యి పెట్టి తడుముతుంటే బొటనవేలికి ఏదో సన్నగా గీసుకుంది. తీసి చూస్తే వాలుగ చేప దవడ. అరచేతిలో సగం కూడా రాని పసుపుపచ్చటి ఎముక, దాని అంచున ఇసక రేణువుల్లాంటి పళ్లు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ల తరవాత కూడా లీలగా నీచువాసన, దాని మీద పత్తి దుమ్ము వాసన. వంటింట్లోంచి నా భార్య, "ఆ ఎముక ఇంకా పారెయ్యలేదా?" అంది. నేను బీరువా తెరిచి 2012 నాటి డైరీ తీశాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను, ఒక్క రోజూ ఖాళీ లేదు. ఆ ఏడాది డైరీలో మాత్రం అక్టోబరు నెల దాకా ప్రతి వారం చివర ఒక పట్టిక ఉంటుంది, ఎర్ర సిరాతో గీతలు గీసి, పేర్లు వరసగా రాసి. అక్టోబరు తరవాత ఆ పట్టికలు లేవు. ఆ గీతలు ఆగిపోవడానికి కారణమైన మనిషి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆవిడ పేరు సూరమ్మ. పొందూరు దగ్గర ఒక ఊళ్లో నేను హైస్కూలు హెడ్మాస్టరుగా ఉన్న నాలుగేళ్లూ ఆవిడ ఇంటి ముందుగదిలో అద్దెకు ఉన్నాను. నా కుటుంబం విజయనగరంలో. శనివారం సాయంత్రం ప్యాసింజరు ఎక్కి వెళ్లి సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేవాణ్ణి. మా వైపు అక్కను అప్ప అంటారు. నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి సూరమ్మప్పా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను మేస్టారూ అనేది, కోపం వస్తే బాబూ అనేది. పన్నెండో ఏట రాట్నం ముందు కూర్చున్న మనిషి. ఆవిడ వడికిన నూలుతో నేసిన పంచెలు ఎక్కడెక్కడి పెద్దమనుషులు కట్టుకున్నారో ఆవిడకు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా ఉండేది కాదు.

నేను ఆ ఇంట్లో దిగిన రోజున ఆవిడ వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, గింజతో ఉన్న పత్తిని ఈ చేప దవడతో దువ్వుతోంది. ఒక్కో పత్తికాయలోని దూదిని విడదీసి, పిల్ల తల దువ్వినట్టు దువ్వి, పక్కన పెడుతోంది. నాకు ఏ పని చూసినా దాన్ని తొందరగా ఎలా చెయ్యవచ్చా అని ఆలోచించడం అలవాటు.

"ఇనుప దువ్వెన వాడకూడదా అప్పా? సగం సమయంలో అయిపోతుంది కదా?" అన్నాను.

"బేగి అయిపోతాది. పత్తీ అయిపోతాది," అంది తలెత్తకుండానే. "ఇనుము సింపేస్తాది మేస్టారూ. సేప పళ్లు దువ్వుతాయి. సచ్చిన సేప కదా, దీనికి తొందరేటి?"

పక్కన కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ వసారాలో మధ్యాహ్నాలు నలుగురైదుగురు రాట్నాలు తెచ్చుకుని కూర్చునేవారు. వాళ్లలో నరసమ్మ అని ఎదురింటావిడ ఒకామె, సూరమ్మప్పకు చిన్ననాటి స్నేహితురాలు, నోరు బాగా ఉన్న మనిషి. దువ్విన దూదిని వేలి పొడవు ఏకులుగా చుట్టి, ఎండిన అరటిపట్టలో దాచి, ఒక్కొక్కటీ తీసి వడికేవారు. వాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఉండుండి ఒకరు చెయ్యి చాపి పక్కామె దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి చూసేవారు. "లావైందే," అనో, "ఇక్కడ పీసుంది, సూసుకో," అనో చెప్పేవారు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఒకే బట్టలోకి నలుగురి నూలూ వెళుతుంది కాబట్టి, ఒకరి దారం చెడితే అందరి బట్టా చెడుతుంది. ఇదంతా నేను చూశాను. చూసి, డైరీలో వివరంగా రాసుకున్నాను కూడా. కానీ నాకు అందులోంచి నేర్చుకోవలసినది ఒకటి ఉందని తోచలేదు.

ఎందుకు తోచలేదో కూడా చెప్పాలి. మాది శృంగవరపుకోట దగ్గర రెండెకరాల మెట్ట. నలుగురు అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే చదువుకున్నాను, అదీ పరీక్షల్లో పక్కవాణ్ణి దాటుకుంటూ పోవడం వల్లే. పోటీ లేకపోతే నేను ఉలవచేల్లోనే ఉండేవాణ్ణి. కాబట్టి పోటీ పిల్లలకు మేలు చేస్తుందని నేను నమ్మింది పుస్తకాల్లో చదివి కాదు. నా బతుకే నాకు రుజువు. దానికి తోడు, ఆ రోజుల్లో బడి ఉన్న ఊరి మలుపులో ఒక ప్రైవేటు స్కూలు వచ్చింది. వాళ్ల పిల్లల ఫోటోలతో, ర్యాంకులతో రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టారు. మా బడిలోంచి పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్లిపోతున్నారు. నేను ఊరుకోదలచుకోలేదు. బడి వరండాలో పెద్ద బోర్డు పెట్టించాను. పదో తరగతిలో యాభై ఇద్దరు. వారం వారం పరీక్ష పెట్టి, ఒకటి నుంచి యాభై రెండు దాకా పేర్లు నేనే స్వయంగా రాసేవాణ్ణి. సోమవారం పొద్దున్న ఆ వరస ప్రకారమే బెంచీల మీద కూర్చోవాలి. మొదటివాడు ముందు బెంచీ కిటికీ పక్కన, చివరివాడు వెనక గోడ పక్కన. మొదటి స్థానం దాదాపు ఎప్పుడూ తవిటినాయుడిది. చురుకైన పిల్లాడు, లెక్క చెప్పడం పూర్తవక ముందే జవాబు చెప్పేవాడు.

సూరమ్మప్ప మనవరాలు గౌరి కూడా ఆ తరగతిలోనే ఉండేది. తల్లిదండ్రులు విశాఖపట్నంలో ఇళ్లు కట్టే పనికి వెళ్లారు, పిల్ల మామ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి మాట ఒకటే. పది ఒకేసారి పాసైతే చదివిస్తాడు, తప్పితే తమతోపాటు పనికి తీసుకుపోతాడు. సూరమ్మప్పకు ఆ పిల్ల ఇటుకలు మొయ్యకూడదు, రాట్నం ముందూ కూర్చోకూడదు. "నా కళ్లు సూడు మేస్టారూ, మబ్బులు కమ్మినాయి. దీని కళ్లు అలాగవ్వకూడదు," అనేది. గౌరి నెమ్మదైన పిల్ల. ఏం అడిగినా కొంచెం ఆగి జవాబు చెబుతుంది. బోర్డు మీద దాని పేరు జూన్‌లో ముప్పై ఎనిమిది దగ్గర ఉండేది. సెప్టెంబరు నాటికి యాభై ఒకటికి దిగింది.

ఒకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి బడికి వచ్చిన సూరమ్మప్ప ఆ బోర్డు ముందు నిలబడింది.

"ఇదేటి మేస్టారూ, సంతలో గొడ్లకి నంబర్లేసినట్టు?"

"ర్యాంకులప్పా. పేరు పైకెక్కాలని పట్టుదలగా చదువుతారు."

"మరి కిందున్నోళ్లు?"

"వాళ్లూ పైకి రావాలని చదువుతారు."

"అందరూ పైకొచ్చెస్తే కింద ఎవులుంటారు?"

నేను నవ్వేశాను. ఆ రోజు డైరీలో, "సూరమ్మప్ప అమాయకురాలు," అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది. కొట్టెయ్యలేదు, కొట్టెయ్యకూడదు కాబట్టి.

గాంధీ జయంతికి నాకొక ఆలోచన వచ్చింది. ఊళ్లో వడికే ఆడవాళ్లందరికీ బడి వరండాలో నూలు వడికే పోటీ పెట్టాలి. గంటలో ఎవరు ఎక్కువ దారం తీస్తే వాళ్లకు స్టీలు బిందె. దారం పొడవును చట్రానికి చుట్టి, చుట్లు లెక్కపెట్టి, నేనే తేలుస్తాను. పన్నెండు మంది రాట్నాలు మోసుకుని వచ్చారు. పిల్లలు చుట్టూ చేరారు. నేను ఈల ఊదాను.

"ఏటే సూరీ, సెయ్యి వణుకుతన్నాది? ఇంటికెల్లి పడుకో," అని నరసమ్మ మొదటి నిమిషంలోనే మొదలుపెట్టింది.

"వణికేది నా సెయ్యి కాదే, నీ తలకాయ. అద్దంలో సూసుకో."

"ఆ బిందె నా కోడలికి. ముందే సెప్పీసినాను."

"నీ కోడలు నా బిందెతో నీలు మోస్తాదిలే."

మొదట నవ్వులాట. పావుగంట గడిచేసరికి మాటలు ఆగిపోయాయి. రాట్నాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎప్పుడూ పక్కామె దారం పట్టి చూసే ఆ చేతులు ఆ గంటలో ఒక్కసారి కూడా పక్కకు రాలేదు. కళ్లు మాత్రం వచ్చాయి. అందరూ ఓరకంట పక్కామె కదురు ఎంత నూలు చుట్టుకుని లావెక్కిందో చూసుకుంటున్నారు. నేను చుట్లు లెక్కపెట్టి సూరమ్మప్ప గెలిచిందని ప్రకటిస్తే పిల్లలు చప్పట్లతో వరండా దద్దరిల్లగొట్టారు. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. బిందె నెత్తిన పెట్టుకుని, నరసమ్మ ఇంటి ముందు కావాలనే కాసేపు ఆగి మరీ వెళ్లింది. నేను ఆ రోజు పిల్లలకు ఉపన్యాసం కూడా ఇచ్చాను. పోటీ ఉంటే అరవై ఆరేళ్ల మనిషి కూడా కుర్రదైపోతుంది, చూశారా అన్నాను.

నాలుగు రోజుల తరవాత నేను బడి నుంచి వచ్చేసరికి నా గది తలుపు గొళ్లేనికి ఒక నూలు చిలప వేలాడుతోంది. వడికిన దారాన్ని చుట్టలుగా చుట్టి కట్టే కట్టను చిలప అంటారు. సూరమ్మప్ప వసారాలో ఊరికే కూర్చుని ఉంది. రాట్నం మూలన ఉంది.

"ఇదేమిటప్పా?"

"నీ బిందె నూలు. నూలు తీసుకునే సంఘం కాడ తిప్పి పంపినారు. పాతికేళ్ల కుర్రాడు పట్టి సూసి, 'ఇది నీది కాదు మామ్మా, ఎవులిదో కలిసిపోయుంటాది,' అన్నాడు. నాదేనని సెప్పడానికి నాకు నోరు రానేదు."

చిలప చేతిలోకి తీసుకున్నాను. నాకు కూడా తెలిసిపోయింది, ఒకచోట లావు, ఒకచోట తెగిపోయేటంత సన్నం, చెయ్యి పెట్టినచోటల్లా ముడి. ఆ ఇంట్లో అంతవరకూ ఒక్క చిలప తిరిగి రాలేదు. నేను తప్పు నాదని అనబోయాను. ఆవిడ చెయ్యి ఊపింది.

"నిన్నేటీ అనటం నేదు. పోటీ అంటే నాకూ సరదాగానే ఉన్నాది. అబద్ధం ఎందుకూ, ఆ గంటసేపు నా కీళ్లు నొప్పెట్టనే నేదు. కానీ మేస్టారూ, ఆ గంటంతా నాను నరసమ్మ కదురు సూసినాను. నా దారం నాను సూడనేదు. పక్కదాని దారం సూస్తే పరవానేదు, మంచిదే. కదురు సూడకూడదు."

ఆ మాట అన్నాక ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. అంతకన్నా పెద్ద బరువు మనసులో ఉందని అప్పుడు గమనించాను. గౌరి ఆ రోజు బడికి రాలేదు. అడిగితే, "ఇక ఎల్లదంట. రాట్నం నేర్పమంటన్నాది," అంది లోపలి నుంచే. గౌరి గడప దగ్గర నిలబడి నేల చూస్తోంది. "ఎందుకమ్మా?" అన్నాను. కొంచెం ఆగి, "సోమారం సోమారం ఆ గోడ కాడికి నడవలేను సార్," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం సులువుగా ఉండేది.

ఆ శనివారం నేను విజయనగరం వెళ్లలేదు. జవాబు కాగితాలన్నీ నెలల వారీగా కట్టలు కట్టి దాచడం నా పద్ధతి. ఆదివారం పొద్దున్నే బడి తెరిపించి గౌరి కాగితాలు వరసగా బల్ల మీద పరిచాను. జూన్‌లో ఇరవై లెక్కలిస్తే ఆరు చేసింది. ఆరూ ఒప్పే. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, ప్రతి మెట్టూ రాసింది. ఆగస్టులో పన్నెండు చేసింది, ఐదు ఒప్పు. సెప్టెంబరులో ఇరవైకి ఇరవై చేసింది. మూడు ఒప్పు. అంకెలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి, కూడికల్లో తప్పులు, ప్రశ్న తిరగరాయడంలోనే తప్పులు. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ కాగితాలు దిద్దినదీ నేనే. ప్రతి వారం దాని నంబరు చూశాను, దాని లెక్క చూడలేదు. చొక్కా జేబులో ఆ చిలప ఉంది. తీసి సెప్టెంబరు కాగితం మీద పెట్టి ఎంతసేపు కూర్చున్నానో డైరీలో రాయలేదు.

సోమవారం వరండాలో బోర్డు ఖాళీగా ఉంచాను. మార్కులు ఎవరివి వాళ్లకే కాగితం మీద రాసి ఇచ్చాను. ఎవరు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చన్నాను. గౌరిని బడికి రప్పించడానికి నేనే వసారాలో నిలబడి, "తప్పు నాది. ఆ గోడ దగ్గరికి నిన్ను నడిపించింది నేను. ఇక నడవక్కర్లేదు," అని చెప్పాను. హెడ్మాస్టరు తప్పు ఒప్పుకోవడం చూసి ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. నరసమ్మ ఎదురింట్లోంచి, "ఎల్లవే గుంటా, అంత పెద్దాయన సెప్తంటే!" అని అరిచింది. గౌరి వెళ్లి సంచీ తెచ్చుకుంది.

అయితే దీంతో అంతా చక్కబడిందని రాస్తే అది అబద్ధం అవుతుంది. మా ఉపాధ్యాయులు ప్రైవేటు స్కూలు ముందు వెనకబడిపోతామన్నారు. పది రోజులకు తవిటినాయుడు నా గదికి వచ్చి, "సార్, బోర్డు లేకపోతే నాకు సదవబుద్ధవటం లేదు," అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది, నేనూ అలాంటి పిల్లాణ్ణే. సాయంత్రం ఈ సంగతి సూరమ్మప్పతో చెప్పాను.

"ఆడికి పరుగు కావాలంటే పరుగెట్టించు. ఆడి ఎనకాల అందర్నీ తోలకు," అంది.

"గౌరి సంగతి? అది ఒప్పుగా చేస్తుంది, కానీ పరీక్షలో గడియారం ఉంటుందప్పా. ఆరు లెక్కలతో పాసవదు."

ఆవిడ అరటిపట్టలోంచి ఒక ఏకు తీసుకుంది. "అది నీ సదువు మేస్టారూ. నాకు తెల్దు," అంది. తెలియనిది తెలియదని అంత తేలికగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాకు దారి చూపింది ఆ వసారానే. శనివారాలు పరీక్ష అయ్యాక పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఒకరి కాగితం ఒకరికి ఇచ్చాను. మార్కులు వెయ్యొద్దు, దారం ఎక్కడ లావైందో మాత్రం చూడండి అన్నాను. ఆ ఊరి పిల్లలకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. తవిటినాయుడిని గౌరి పక్కన కూర్చోబెట్టాను. మొదటి రోజే గౌరి నెమ్మదిగా వేలు పెట్టి, వాడు తొందరలో వదిలేసిన మైనస్ గుర్తులు నాలుగు చూపించింది. వాడికి పౌరుషం వచ్చింది. "నువ్వు మొదటి ప్రశ్న నుంచి ఎందుకు మొదలెడతావే? పొట్టి లెక్కలు ముందు లాగీ, పొడుగువి ఆనక సూసుకో," అని దానికి గడియారంతో పనిచెయ్యడం నేర్పాడు. నేను హెడ్మాస్టరుగా నాలుగు నెలల్లో చెయ్యలేకపోయినది వాడు మూడు శనివారాల్లో చేశాడు. వాళ్లు పోట్లాడుకున్నారు, అలిగారు, ఒకసారి గౌరి వాడి పెన్ను కిటికీలోంచి పారేసింది. అయినా శనివారం వచ్చేసరికి పక్కపక్కనే కూర్చునేవారు.

మేలో ఫలితాలు వచ్చిన రోజు నెట్ సెంటరు నుంచి కాగితం నేనే తెచ్చాను. గౌరి పాసైంది. గొప్ప గ్రేడు కాదు, కానీ అన్ని సబ్జెక్టులూ ఒకేసారి. వసారాలో చెప్పగానే సూరమ్మప్ప రాట్నం ఆపి, "పాసైందా!" అంది. వెంటనే, "తవిటినాయుడుకి ఎంతొచ్చింది?" అంది.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "సూసినావా మేస్టారూ, కన్ను మల్లీ పక్క కదురు మీదకే ఎల్లింది! ఎన్నేళ్లొచ్చినా దీనికి బుద్ధి రాదు." గౌరి తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల ఈ ఏడే నర్సింగు పూర్తి చేసింది.

నేను రిటైరై ఊరు వదిలే రోజున సూరమ్మప్ప ఈ దవడ ఎముక కాగితంలో చుట్టి ఇచ్చింది. "కొత్తది దొరికింది నాకు. నీకు దువ్వడానికి పత్తి నేదుగాని, ఉంచుకో," అంది. అప్పట్లోనే ఆవిడకు తిరిగి ఇచ్చేసిన ఆ చిలప కూడా ఇమ్మంటే ఇవ్వలేదు. "అది నాది. నా గోడకి ఉండాల," అంది. నిరుడు వేసవిలో ఆవిడ పోయిందని గౌరి ఫోన్ చేసి చెప్పింది. వెళ్లి చూస్తే వసారా గోడకు ఆ చిలప అలాగే వేలాడుతోంది, దుమ్ము పట్టి. కింద నరసమ్మ ఒంటరిగా వడుకుతోంది. నన్ను చూసి దారం నా వైపు చాపింది. రెండు వేళ్లతో పట్టి చూశాను. బాగుందన్నాను.

పోటీ పిల్లలకు మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. ఒక్క మాటలో తేల్చే శక్తి నాకు లేదు. పోటీ వల్లే పైకి వచ్చినవాణ్ణి, దాన్ని తిట్టలేను. కానీ గోడ దగ్గరికి నడిచిన ఆ పిల్ల అడుగులు నా డైరీలో ఎర్ర సిరాతో ఉన్నాయి, వాటిని మరవలేను. నాకు మిగిలింది ఒక చిన్న అలవాటు. సాయంత్రం డైరీ తెరిచే ముందు ఈ ఎముక పళ్ల మీద ఒకసారి బొటనవేలు పోనిచ్చి, ఈ రోజు నా దారం చూసుకున్నానా అని నన్ను నేనే అడుగుతాను. పోయిన వారం నాతోపాటు రిటైరైన ఒకాయనకు పట్టణంలో పెద్ద సన్మానం చేశారు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చాను. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది. "ఈ పూటంతా పక్కవాడి కదురే చూశాను అప్పా."